అన్నయ్య డిస్కులు

అన్నయ్య పోయాక వదిన అతని పాత కంప్యూటర్ని మరిదికి ఇచ్చింది. "ఆయన ఫొటోలు, వీడియోలు కాపీ చేసివ్వు. పెట్టె నువ్వే ఉంచుకో," అంది. ఇంట్లోనే చవగ్గా ఒక సర్వర్ తయారు చేసుకోవాలని మరిదికి ఎప్పటినుంచో చేతులు దురద. కాపీ చేసే ఓపిక మాత్రం లేదు. అందులోని రెండు డిస్కుల్లో ఉన్నవన్నీ శుభ్రంగా చెరిపేసి, "పాడైపోయాయి వదినా. ఏమీ రాలేదు," అని నమ్మబలికాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి సర్వర్ సిద్ధమైంది. స్నేహితులతో ఆడుకునే ఆట ఒక డిస్కులో పెట్టాడు. కూతురు పుట్టినప్పటి నుంచి తీసిన వీడియోలన్నీ రెండోదాంట్లోకి ఎక్కించి, ఫోన్లోవి చెరిపేశాడు.

ఆటలో చేరడానికి కావాల్సిన సర్వర్ అడ్రస్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఆటలోకి ఎవరో వచ్చినట్టు తెర మీద పడింది. పేరు 'పెద్దోడు'. అన్నయ్య ఎప్పుడూ ఆ పేరుతోనే ఆడేవాడు.

ఎవడో ఆటపట్టిస్తున్నాడనుకుని నెట్ కేబుల్ పీకేశాడు. పెద్దోడు వెళ్ళలేదు. డిస్కు టిక్కుమంది. కూతురి వీడియోలు నాలుగు వందల పన్నెండు కాస్తా నాలుగు వందల పదకొండయ్యాయి. మళ్ళీ టిక్కుమంది. నాలుగు వందల పది.

ప్లగ్గు లాగేశాడు. ఫ్యాను ఆగింది. టిక్కు ఆగలేదు. ఆరని తెర మీద ఒక్కో అక్షరమే పడసాగింది.

"పాడైపోయాయి తమ్ముడూ. ఏమీ రాలేదు."