నిరుటి దిగుమతి సున్నా

సరిహద్దు గేటు దగ్గర బియ్యం వ్యాపారి స్పీరో లారీ ఆగి మూడు గంటలైంది. లారీ నిండా కొచానీ ఊళ్లో పండిన బియ్యం, నూట ఇరవై బస్తాలు.

రేపు సెయింట్ జార్జి పండుగ. గేటు అవతలి ఊరు వ్రాన్యెలో ఇంటింటా ఆకుల్లో బియ్యం కూరి సార్మా చుడతారు. ఈ సాయంత్రం చేరితే సరుకు. ఎల్లుండి చేరితే బరువు.

“దిగుమతి పత్రం ఉందా, బాబాయ్?” కస్టమ్స్ అధికారి మిలుతిన్ నాలుగోసారి అడిగాడు.

“ఎవరిస్తారది?”

“బెల్‌గ్రేడులో ఒక ఆఫీసు.”

“ఫోన్ చెయ్యి మరి.”

“ఇంకా తెరవలేదు.”

మిలుతిన్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. “పైవాళ్లు పంపిన పట్టిక. ఒక గడి మీ దేశం, ఒక గడి మా దేశం. మీకు తిన్నాక మిగిలేంత పండుతుంది. మాకు గింజ పండదు. అయినా మీ దగ్గర్నుంచి మేం దిగుమతి చేసుకున్నది చూడండి. ముందటేడు సున్నా. నిరుడు సున్నా.”

“సున్నా ఏంటయ్యా! ఇరవై ఆరేళ్లుగా తెస్తున్నా. నెలకి రెండు లారీలు. నువ్వే లెక్కేసుకో.”

“గట్టిగా అనకండి. సుంకం కట్టారా?”

“లేదు.”

“ఒక్కసారైనా?”

“ఒక్క దినార్ కట్టలేదు. నన్నెవడూ ఆపనే లేదు.”

పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి తలెత్తాడు.

మిలుతిన్ గొంతు తగ్గించాడు. “నా పెళ్లిలో వండింది మీ కొచానీ బియ్యమే. అదీ ఇందులో లేదు. నేనేం చెయ్యను?”

“పత్రం వచ్చేదాకా వ్రాన్యె జనం తినరా?”

“కాగితం ప్రకారం నిరుడూ తినలేదు, బాబాయ్.”

స్పీరో లారీలోంచి ప్లమ్ పళ్ల సారా సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మిలుతిన్ మెల్లగా దాన్ని వెనక్కి నెట్టాడు. అప్పుడు భయం వేసింది స్పీరోకి. సీసా పుచ్చుకోని అధికారితో బేరం ఎక్కణ్ణించి మొదలెట్టాలో అతనికి తెలీదు.

ఫోన్ మాత్రం వాడుకోనిచ్చారు. అవతల కొట్టు యజమానురాలు స్తానా.

“ఎక్కడ చచ్చావు స్పీరో? కొట్టు ముందు ఆడవాళ్లు సంచులతో నిలబడ్డారు.”

“గంట దూరంలో ఉన్నా. కాస్త ఆగు.”

“మధ్యాహ్నానికే వస్తానన్నావు. ఇటలీ బియ్యంవాడి వ్యాను వీధి చివర కాసుక్కూచుంది. నాలుగు దాకా ఆగుతా. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు.”

నాలుగున్నరకి మళ్లీ చేశాడు.

“దింపించేశా, స్పీరో. గింజ పొడుగ్గా, తెల్లగా ఉంది. జనం బాగుందంటున్నారు. ఇకనుంచి నెలకి రెండు వ్యాన్లు పంపుతాడట. నువ్వు రావడం ఎలాగూ నమ్మకం లేదుగా.”

ఆమె అన్నదాంట్లో తప్పు వెతికాడు. దొరకలేదు. అతనైనా అదే చేసేవాడు.

చినుకులు మొదలయ్యాయి. స్పీరో బస్తాల మీద టార్పాలిన్ లాగి కట్టాడు. లారీ తిప్పడానికి మిలుతిన్ వచ్చి, వానలో తడుస్తూ, చెయ్యి ఊపుతూ దారి చూపించాడు.

నిరుడు ఇదే పండుగకి ఇవే బస్తాలతో స్పీరో ఈ రోడ్డున వెళ్లినప్పుడు ఇక్కడ గేటూ లేదు, సరిహద్దూ లేదు; కొచానీ నుంచి వ్రాన్యె దాకా ఉన్నది ఒక్కటే దేశం, యుగోస్లావియా.