పొరబాటు పాఠం

ఒహాయోలోని ఆ విశ్వవిద్యాలయంలో దాతలను పలకరించేవన్నీ యంత్రాలే. అవి పుట్టినరోజు మరువవు, పేరు తప్పుగా పలకవు. దాతలు మాత్రం యంత్రమని పసిగట్టి, విసిగి, వెంటనే ఫోన్ పెట్టేస్తారు. ఆ కార్యాలయంలో మిగిలిన మనిషి కుముదిని ఒక్కతే. సాయంత్రానికి ఒక్క విరాళమైనా రాకుంటే ఆమె కొలువూ యంత్రానిదే.

ఆమె పూర్వ విద్యార్థి భుజంగరావుకు ఫోన్ చేసింది.

"నిరుడు మీరిచ్చిన విరాళానికి కృతజ్ఞతలండీ."

"నేనెప్పుడిచ్చానమ్మా?"

ఆమె జాబితా మళ్లీ చూసుకుంది. "క్షమించండి. జాబితాలో పక్క పేరు చూశాను."

"పొరబడ్డావా? అయితే మనిషివే," ఆయన పకపకా నవ్వారు. "గ్రంథాలయానికి ఇస్తాను, రాసుకో. ఈసారి నా పేరు పక్కనే రాయమ్మా."

మర్నాడే యంత్రాలన్నిటికీ పొరబాట్లు నేర్పాలని విశ్వవిద్యాలయం తీర్మానించి, గురువుగా కుముదినిని నియమించింది. మొదటి పాఠానికి ఆమె గంట ఆలస్యంగా, వేరే గదికి వెళ్లింది.