సాక

"మా తరఫున ఫ్రీ సార్," అంటూ నర్సింహులు ముందు విస్కీ గ్లాసు పెట్టాడు వెయిటర్.

"మా నాయిన తాగుడు ఇడిసిపెట్టిండు. తీస్కపో," అంటూ తనుశ్రీ గ్లాసు లాక్కుంది. మొదటి జీతంతో నాన్నను ఇస్నాపూర్‌లోని ఈ హోటల్‌కు తెచ్చింది ఇందుకా?

"ఒక్క పెగ్గుకేమైతది మేడమ్?" వెయిటర్ నవ్వాడు.

"ఇటియ్యి బిడ్డా," చెయ్యి చాచాడు నర్సింహులు.

"వద్దు నాయినా."

"నా మీద నమ్మకం లేదా?"

గ్లాసు ఆయన చేతికిచ్చింది.

గ్లాసెత్తి, పక్కనున్న పూలకుండీలో మొత్తం వంచేశాడు నర్సింహులు.

"గిదేంది సార్!" వెయిటర్ అదిరిపడ్డాడు.

"సాక పోసిన. తాగేముందు పోయినోళ్ల పేరు మీద పోస్తరు, ఎరికలేదా?"

"గది ఒక్క చుక్కనే గద నాయినా?" అంది తనుశ్రీ.

"పోయినోడు తాగుబోతు నర్సింహులు, బిడ్డా. ఆనికి చుక్క సాలది."