అందించే చేతులు

"మూడోసారి కూడా డెంటల్ సీటు రాలేదా, డార్లా?" రోగి పన్ను చెక్కుతూనే అడిగాడు డాక్టర్ హాల్వర్సన్.

"రాలేదండీ. డిగ్రీలో మార్కులు తక్కువన్నారని, కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదివి అన్నీ ఏ గ్రేడ్లే తెచ్చుకున్నాను. ఇంకేం కావాలట?" అంటూ దూది అందించింది. ఆయన అడగకముందే అందించడం తొమ్మిదేళ్ల అలవాటు.

"వాళ్ల మొహం! సిఫార్సు ఉత్తరం కూడా మనసుపెట్టి రాశానే!"

కాలేజీల పద్ధతి ప్రకారం, ఆ ఉత్తరం ఎప్పటికీ చూడనని దరఖాస్తులో సంతకం పెట్టింది డార్లా.

"ఏం రాశారు డాక్టర్?"

"ఉన్నదే రాశాను. ఈమె చేతులు డెంటిస్టుకి అందించడానికే పుట్టాయి, ఇలాంటి అసిస్టెంటు నాకు మళ్లీ దొరకదు అని."

గర్వంగా నవ్వి చెయ్యి చాచాడు. చెయ్యి ఖాళీగానే ఉండిపోయింది.

"అద్దం," అని అడిగాడు, తొమ్మిదేళ్లలో మొదటిసారి.