వారానికో రంగు కాగితం

“ఇది లేజర్ ప్రింటర్ సార్. నలుపు ఒక్కటే వస్తుంది, అక్షరం మాత్రం చెక్కినట్టుంటుంది. నెలల తరబడి ముట్టకపోయినా ఏం కాదు,” అన్నాడు షాపతను.

“ఆ పక్కది?”

“ఇంకు ట్యాంకు. రంగులొస్తాయి, పేజీకి ఖర్చూ తక్కువే. కాకపోతే వాడకుండా వదిలేస్తే ఇంకు ఎండి మొరాయిస్తుంది. వారానికో రంగు కాగితమైనా తీస్తుండాలి.”

“ప్రింటర్ కొంటున్నామా, పసిపిల్లను తెచ్చుకుంటున్నామా? లేజరే ఇవ్వండి,” అన్నాడు తమ్ముడు.

“ఇంకుదే తీసుకుందాంరా,” అంది అక్క. షాపులోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

“మనం తీసేదే బిల్లులూ టికెట్లూ. మళ్లీ దీనికి చాకిరీ ఎందుకక్కా? ఇన్నేళ్లు మంచాన పడ్డ అమ్మకు చేసింది చాలదా? ఇకనైనా హాయిగా ఉండు.”

“మధ్యాహ్నం మందుల వేళకు ఇప్పటికీ లేచి నిలబడుతున్నాను. అమ్మ లేదని గుర్తొస్తుంది. మళ్లీ కూర్చుంటాను.”

బస్సు వేళలు చదువుతున్నట్టు చెప్పింది ఆ మాటలు.

తమ్ముడు లేజర్ పెట్టె మీద నుంచి మెల్లగా చెయ్యి తీసేశాడు.

అక్క షాపతని వైపు తిరిగింది.

“వారానికి ఒక్కసారి చాలా? రోజూ తీయక్కర్లేదా?”