మూడొందల పన్నెండు మందికి కాపలా

ఆదివారం మీటింగులో ఈమెయిల్ గ్రూపు మూసేస్తామని చెప్పడానికి జానకిరామ్ బుధవారం పొద్దున్నే హౌరా నుంచి పక్కనున్న లిలువాలో గోపీనాథ్ ఇంటికి వచ్చాడు. ఆయన తెలుగు సంఘం కార్యదర్శి. చెడ్డ కబురు ఫోన్లో చెప్పడం మర్యాద కాదనుకునే మనిషి.

గోపీనాథ్ టీ కప్పు కింద పెట్టేశాడు.

"మూసేస్తారా? మూడొందల పన్నెండు మంది సభ్యులండీ అందులో!"

"ఉన్నారు. అందరూ వాట్సాప్‌లో ఉన్నారు," అన్నాడు జానకిరామ్. "గ్రూపులో ఆఖరి ఉత్తరం, ఉగాదికి పులిహోర ఎవరు తెస్తారని. అదీ కిందటేడు ఉగాదికి."

"ఉత్తరాల సంగతి వదిలేయండి. మరి స్పామ్ మాటో?"

రైల్వేలో ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైన గోపీనాథ్‌కి మిగిలిన కుర్చీ అదొక్కటే. గ్రూపు మోడరేటర్. బయటినుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు ఆయన దగ్గర ఆగాలి. ఆయన చదివి సరేనంటేనే సభ్యులకు చేరాలి. మూడేళ్లలో ఆయన సరేనన్నవి పదకొండు. అవతల పారేసినవి పదకొండు వేలకు పైమాటే. ఆ కుర్చీ కూడా పోతే పొద్దున్న లేచి ఎందుకు గడ్డం గీసుకోవాలో ఆయనకు తెలియదు.

"స్పామ్ కూడా తగ్గిపోయిందని మీరే రాశారు కదండీ. పోయిన నెల మొత్తానికి నాలుగేనని."

నెలనెలా నిజాయితీగా రిపోర్టు పంపితే వచ్చే చిక్కే ఇది.

నెలన్నరపాటు విజయనగరంలో మేనకోడలి పెళ్లి పనులు చూసి, నిన్ననే రైలు దిగిన గోపీనాథ్ భార్య నాగేశ్వరి, పళ్లెంలో పెళ్లి అరిసెలు తెచ్చి పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది.

"అన్నయ్యగారూ, ఈ స్పామంటే ఏటండీ?"

"చూశారా!" గోపీనాథ్‌కి ఊపిరొచ్చింది. "బీయస్సీ చదివింది. మెయిలంటే ఇప్పటికీ తెలీదు. ఇలాంటి అమాయకులు గ్రూపులో ఎందరున్నారో! నేను తలుపు తీస్తే వీళ్ల గతేమిటి?"

"అది ఆదివారం మీరే చెప్పండి," అని జానకిరామ్ అరిసె తీసుకున్నాడు. "కానీ చూపించడానికి ఏదైనా ఉండాలి కదండీ."

గురువారం గోపీనాథ్ కంప్యూటరు ముందు మూడు గంటలు కూర్చున్నాడు. ఒక్కటీ రాలేదు. లేచి వంటింట్లోకి వచ్చాడు.

భార్య ఊళ్లో లేనప్పుడే అక్కడి డబ్బాలన్నీ ఆయన అక్షరక్రమంలో సర్దేసి ఉంచాడు. ఆవాలు పై అరలో ఈ చివర, సగ్గుబియ్యం కింది అరలో ఆ చివర. ఇప్పుడు కుక్కరు విజిళ్లు లెక్కపెట్టి, ఏ పప్పుకెన్ని వచ్చాయో కాగితం మీద రాసుకున్నాడు.

"నిన్నటికంటే ఒకటి ఎక్కువ వేసింది," అన్నాడు.

"దానికి మెమో ఇచ్చీమంటారేటి?" అంది నాగేశ్వరి.

శుక్రవారమూ ఏమీ రాలేదు. పనిమనిషి మిన్నతి పక్కన స్టూలు వేసుక్కూర్చుని, గిన్నెకి ఎంత సబ్బు రాస్తోందో చూశాడు. మిన్నతి చెయ్యి కడుక్కుని, బెంగాలీలో వదినా అని పిలుస్తూ నాగేశ్వరి దగ్గరికొచ్చింది.

"బౌదీ, దాదాకి ఇంకెక్కడా ఉద్యోగం దొరకదా?"

శనివారం పది గంటలకి ముందుగదిలోంచి కేక వినిపించింది.

"నాగేశ్వరీ! వచ్చేశారు!"

"ఎవరండీ? చుట్టాలా?"

"స్పామ్ వాళ్లు! యాభై మూడు!"

ఆయన ముఖం వెలిగిపోతోంది. లాటరీ తగిలిందని పద్నాలుగు. అడక్కుండానే లోను ఇస్తామని ఇరవై. మిగతావి చాలావరకు బట్టతలకి నూనెలు, మోకాళ్లకి బెల్టులు. ఒకటి మాత్రం ఆయన పైకి చదివాడు.

"ఏడు రోజుల్లో మీ భర్త మీ మాట వింటాడు, గ్యారంటీ. ఎవడో బాబా! లోకల్ రైలు పెట్టెల్లో అంటించే కాగితాలు ఇప్పుడు మెయిల్లోకి ఎక్కాయి."

"పని చేస్తాదంటారా?"

"అదిగో! ఇలాగే పడిపోతారు మీరంతా."

ఆ రోజు ఆయన వంటింటి గడప తొక్కలేదు. భోజనం కంప్యూటరు దగ్గరికే తెమ్మన్నాడు. ఒక్కో మెయిలూ ప్రింటు తీసి, అంకె వేసి, ఫైల్లో కుట్టాడు.

ఆదివారం పొద్దున హౌరాలో మీటింగు. గోపీనాథ్ లేచి ఫైలు విప్పి, మొదటి మెయిలు నుంచీ చదవడం మొదలుపెట్టాడు. పదిహేనోదాకా వచ్చాడు. ఫోనంటే భయపడే కోదండం గారు ముందు వరసలోంచి లేచి, "ఇవన్నీ మా ఇళ్లలోకి రావలసినవేటండీ?" అన్నారు.

"నేను తలుపు తీసుంటే," అన్నాడు గోపీనాథ్.

గ్రూపు మూయకూడదని తీర్మానం అయింది. ఓపిక ఉన్నన్నాళ్లూ మోడరేటర్ ఆయనేనని ఇంకొకటి. జానకిరామ్ స్వయంగా శాలువా కప్పి, అందరికీ వినపడేలా నాగేశ్వరికి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన మా పాలిట గోడండీ!"

"ఏటోనండీ అన్నయ్యగారూ, నాకవి తెలవ్వు," అంది నాగేశ్వరి.

ఒంటిగంటకి గోపీనాథ్ ఇంటికొచ్చాడు. శాలువా తియ్యకుండానే భోంచేశాడు. రేపటినుంచి కాపలా మరింత గట్టిగా ఉండాలని, ఎనిమిదింటికల్లా కుర్చీలో కూర్చుంటానని చెప్పి, మంచం మీద వాలాడు.

ఆయన గుర్రు ఒక వరసలో పడ్డాక నాగేశ్వరి ఫోను తీసి, మూడేళ్లుగా పంపుతున్నట్టే, సోమవారం పొద్దుటికి ఆయనకు కావలసిన లాటరీలు, లోన్లు, జుట్టు నూనెలూ తలో దొంగపేరుతో గ్రూపుకి పంపేసింది.