జ్ఞాపకార్థం

ఆ పెద్దింటి లోపలి గదిలో మంచాన పడ్డ పెద్దాయన దగ్గినప్పుడల్లా టీచరమ్మ చెవులు రిక్కించేది. మరుక్షణం తనను తనే తిట్టుకునేది.

ఏం చేస్తుంది మరి? బడి నడిచే అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి. పక్కనే సొంత స్థలం ఉంది, గోడ లేపడానికి చిల్లిగవ్వ లేదు. మాటా వినికిడీ లేని ముప్ఫై ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఏ చూరు కిందికి పోతుంది?

పెద్దాయన కుటుంబానికో ట్రస్టు ఉంది. దరఖాస్తు పట్టుకెళ్లినవాళ్లకి గేటు దగ్గర చెప్పులరగడమే మిగిలేది. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం వాళ్ల పేరున ఒక భవనం కట్టిస్తారు. మూడో రోజుకల్లా ఆ భవనం కట్టే చోట పేరు చెక్కిన రాయి నిలబడాలి. అది వాళ్ల పట్టింపు. నాయనమ్మ పేరున ఆసుపత్రి, మేనత్త పేరున గ్రంథాలయం అలా లేచినవే.

ఈ గుట్టంతా విప్పింది ఇంటి రెండో కొడుకు, చిన్నబాబు.

"కాగితాలు పంపి లాభం లేదు టీచరమ్మా. మా అన్న ముందు కూర్చోండి. ఎంత కావాలో చెప్పొద్దు. అడిగినదానికల్లా నిజం చెప్పండి. మిగతాది మా నాన్న చూసుకుంటారు," అంటూ బుంగమీసం మెలేసి నవ్వాడు.

"ఛ, అవేం మాటలు బాబూ!"

"ఆయనే అంటున్నారండీ, నేను కాదు. నేనైతే అన్నతో మాట్లాడి ఏడాదైంది. ట్రస్టు భూములు అమ్ముదామంటాడు. నా సంతకం లేందే అమ్మలేడు. నేను చస్తే పెట్టను."

ఆ తరవాత వారమే పెద్దబాబు పిలిపించాడు. గదిలో గోడ పొడవునా పోయినవాళ్ల ఫొటోలు. చివర ఒక మేకు ఖాళీగా ఉంది. టీచరమ్మ అటు చూడకుండా ఉండలేకపోయింది.

పెద్దబాబు పిల్లల ఊసే ఎత్తలేదు.

"మీ బడి కొండ మీద కదూ?"

"అవునండి. దారి కాస్త ఇరుకు."

"లోయ వైపు గోడ ఉందా?"

"మూడో మలుపు దగ్గర కూలిపోయిందండి. పుణ్యముంటుంది, అదీ కట్టించాలి మీరు."

అతను రాసుకున్నాడు. "మా తమ్ముడు వస్తుంటాడటగా?"

"శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఠంచనుగా వస్తారండి. పిల్లలకి బొమ్మలెయ్యడం నేర్పుతారు."

"డ్రైవరు?"

"ఉండడండీ. ఒక్కరే నడుపుకుంటూ వస్తారు. అంత మనసు ఎవరికుంటుంది!"

తమ్ముణ్ణి పొగిడితే అన్న మెత్తబడతాడనుకుంది. పెద్దబాబు నిజంగానే మెత్తగా నవ్వి, పెన్నుకి మూత పెట్టాడు.

"ఈసారి మీ బడికే. ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు."

లోపల పెద్దాయన మళ్లీ దగ్గాడు.

శుక్రవారం సాయంత్రం బడి ముందు వ్యాను ఆగింది. రాళ్లు చెక్కే తాత, గోనెపట్టా చుట్టిన రాయిని గేటు పక్కన దింపించాడు.

"ఎల్లుండి తెమ్మన్నారమ్మా. ఎల్లుండి నాకు బండి దొరకదు. రెండ్రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అని తెచ్చేశా."

టీచరమ్మ రాయి దగ్గరికి నడిచింది. "అయ్యో! పెద్దాయన పోయారా?"

"ఏమో తల్లీ. నాకు అక్షరం ముక్క రాదు. కాగితం మీద గీసిచ్చినట్టు చెక్కడమే నా పని."

వ్యాను వెళ్లిపోయింది. ఆరు దాటింది. బొమ్మల పుస్తకాలు పట్టుకుని పిల్లలు గేటుకి వేలాడుతున్నారు. ఒక చిన్నది లేని మీసం మెలేసి, దారి వైపు చెయ్యి చూపి, ఏడీ అన్నట్టు తలెగరేసింది.

వస్తాడులే అని టీచరమ్మ చేత్తోనే చెప్పింది. వంగి, గోనెపట్టా తాడు విప్పింది.

నల్లరాతి మీద ఉన్నది పెద్దాయన పేరు కాదు, చిన్నబాబుది. దాని కింద, చనిపోయిన తేదీగా, ఆ రోజు తేదీయే చెక్కి ఉంది.